దక్షిణాఫ్రికాలో ఇల్లు అమ్మేటప్పుడు భద్రతా సర్టిఫికెట్లు ఎలా సిద్ధం చేసుకోవాలి

హైదరాబాదులోనో విశాఖపట్నంలోనో ఇల్లు అమ్మకానికి పెడితే కొనేవారు ముందుగా అడిగేవి లింకు డాక్యుమెంట్లు, ఈసీ, ఇంటి పన్ను రసీదులు. గోడల్లో వైర్లు ఎలా పోతున్నాయో, గ్యాస్ పైపును ఎక్కడ అతికించారో చూపించమని సాధారణంగా ఎవరూ అడగరు. ఆ అలవాటుతోనే ఉద్యోగాల కోసం దక్షిణాఫ్రికా వచ్చి, కొన్నేళ్ల క్రితం ఇక్కడ ఇల్లు కొనుక్కుని, ఇప్పుడు స్వదేశానికో మరో దేశానికో వెళ్తూ ఆ ఇంటిని అమ్ముకునే మనవాళ్లలో చాలామంది ఒకే చోట తడబడుతున్నారు. ధర కుదురుతుంది, సంతకాలు అవుతాయి, కొనేవారికి బ్యాంకు రుణం మంజూరవుతుంది. ఆ తర్వాత బదిలీ పనులు చూసే న్యాయవాది, అంటే ఇక్కడ అందరూ కన్వేయన్సర్ అని పిలిచే వ్యక్తి, కంప్లయెన్స్ సర్టిఫికెట్లు, అంటే ఇంట్లోని వైరింగు, గ్యాస్ వంటివి నిబంధనల ప్రకారం ఉన్నాయని చెప్పే పత్రాలు పంపమని రాస్తారు. అప్పటికి అమ్మేవారి చేతిలో ఒక్కటీ ఉండదు.

ఈ వ్యాసం ఆ పరిస్థితి రాకుండా చూసుకోవడానికి. మీ ఇంటికి ఏ సర్టిఫికెట్లు వర్తిస్తాయో తేల్చుకోవడం, ఒప్పందంలోని క్లాజులు చదవడం, సర్టిఫికెట్లను ఏ వరుసలో చేయించాలో నిర్ణయించుకోవడం, వచ్చిన కాగితం సరైనదో కాదో చూసుకోవడం అనే నాలుగు పనులను ఇందులో వివరిస్తాను. వీటిలో వరుస విషయమే ఎక్కువమంది పట్టించుకోనిది. మేమూ పట్టించుకోలేదు. జొహానెస్‌బర్గ్‌లో మా ఇల్లు అమ్మినప్పుడు ముందుగా ఎలక్ట్రీషియన్‌ను పిలిచి కరెంటు సర్టిఫికెట్ తీసుకున్నాం. మూడు వారాల తర్వాత గీజర్ కారడం మొదలైంది. ప్లంబర్ వచ్చి కొత్త గీజర్ బిగించి వెళ్లాడు, నీళ్లు వేడిగా వస్తున్నాయి కాబట్టి పని అయిపోయిందనుకున్నాం. కన్వేయన్సర్ మాటల సందర్భంలో ఈ సంగతి విని, ఎలక్ట్రీషియన్‌తో మళ్లీ చూపించమని పట్టుబట్టారు. అతను సీలింగు పైకెక్కి కిందికి దిగాక ఫోనులో ఒక ఫొటో చూపించాడు. రాగి పైపుకు బిగించి ఉండాల్సిన ఆకుపచ్చ, పసుపు చారల ఎర్త్ తీగ కోసేసి, దుమ్ములో పడి ఉంది. గీజర్‌లో ఎప్పుడైనా కరెంటు లీకై పైపుల్లోకి వస్తే అది భూమిలోకి పోవడానికి ఉన్న దారి ఆ తీగ. కొత్తగా ఆ ఇంట్లోకి వచ్చే కుటుంబంలో ఇద్దరు చిన్నపిల్లలు ఉన్నారని మాకు తెలుసు. ఆ రోజు నుంచి ఈ సర్టిఫికెట్లను నేను కాగితాలుగా చూడటం మానేశాను.

మొదటి పని: మీ ఇంటికి ఏవి వర్తిస్తాయో రాసుకోండి

ఒక కాగితం తీసుకుని ఇల్లంతా ఒకసారి తిరగండి. కరెంటు ఉన్న ప్రతి ఇంటికీ ఎలక్ట్రికల్ సర్టిఫికెట్ కావాలి, దీనికి మినహాయింపు లేదు. స్థానికులు సీఓసీ (సర్టిఫికెట్ ఆఫ్ కంప్లయెన్స్) అన్నప్పుడు ఎక్కువగా దీన్నే ఉద్దేశిస్తారు. ప్రహరీ మీద కరెంటు కంచె ఉంటే దానికి వేరే సర్టిఫికెట్ ఉంటుంది. సిలిండరు నుంచి పైపు ద్వారా వంటగదిలోని పొయ్యికో, గ్యాస్ గీజర్‌కో, హాల్లోని ఫైర్‌ప్లేస్‌కో గ్యాస్ వస్తుంటే గ్యాస్ సర్టిఫికెట్ తప్పనిసరి. సిలిండరు లోపలే ఇమిడిపోయి, చక్రాల మీద గదిలోంచి గదిలోకి తోసుకుపోయే హీటరుకు మాత్రం ఇది అక్కరలేదు. ఇల్లు కేప్ టౌన్ నగర పరిధిలో ఉంటే నీటి సరఫరా, ప్లంబింగ్ సర్టిఫికెట్ కూడా కావాలి. ఇల్లు క్వాజులూ-నటాల్‌లోనో వెస్టర్న్ కేప్‌లోనో, ముఖ్యంగా సముద్ర తీర ప్రాంతంలో ఉంటే, కలపను తొలిచే పురుగు లేదని చెప్పే బీటిల్ సర్టిఫికెట్‌ను ఒప్పందంలో అడగడం ఆనవాయితీ.

సోలార్ ప్యానెళ్లు, ఇన్వర్టరు, బ్యాటరీ ఉన్నాయా లేవా అన్నది కూడా అదే కాగితం మీద రాసుకోండి. దాని సంగతి కిందికి వస్తుంది.

తర్వాత మీరు కొన్నప్పటి ఫైలు తెరవండి. అప్పట్లో మీకు ఇచ్చిన సర్టిఫికెట్లు, మధ్యలో చేయించుకున్న మార్పుల బిల్లులు, అదనపు సర్టిఫికెట్లు ఏవి దొరికినా తేదీల వారీగా పేర్చుకోండి. అవి ఇప్పుడు చెల్లకపోయినా, ఏ పని ఎప్పుడు జరిగిందో పరీక్షించడానికి వచ్చే మనిషికి తెలిస్తే అతని పని సులువవుతుంది, మీ ఖర్చూ తగ్గుతుంది.

రెండో పని: ఒప్పందంలోని రెండు క్లాజులు చదవండి

అమ్మకపు ఒప్పందంలో ఎక్కడో ఒకచోట 'ఫుట్‌స్టూట్స్' అనే మాట ఉంటుంది. ఆస్తిని ఉన్నది ఉన్నట్టుగా అమ్ముతున్నామని దాని భావం. ఈ మాట చూసి, ఇక ఇంట్లో ఏ లోపానికీ తమ బాధ్యత ఉండదని అమ్మేవారు ధైర్యపడతారు. అది నిజం కాదు. కరెంటు, గ్యాస్, కంచె సర్టిఫికెట్లు చట్టం విధించినవి. 1993 నాటి 85వ చట్టమైన వృత్తిపరమైన ఆరోగ్య, భద్రతా చట్టం కింద వచ్చిన నిబంధనల నుంచి ఇవి పుట్టాయి కాబట్టి, ఇద్దరు మనుషులు రాసుకున్న ఒక వాక్యం ఆ బాధ్యతను తుడిచేయలేదు. ఖర్చు ఎవరు పెట్టుకోవాలో మాట్లాడుకోవచ్చు. ఆనవాయితీగా అది అమ్మేవారిదే. కానీ సర్టిఫికెట్టే లేకుండా చేద్దామని మాట్లాడుకోవడానికి వీల్లేదు.

దీనికి తోడు, 2019 నాటి ప్రాపర్టీ ప్రాక్టీషనర్స్ చట్టం 2022 ఫిబ్రవరి 1న అమల్లోకి వచ్చినప్పటి నుంచి, ఏజెంటు ద్వారా అమ్మేవారు ఇంటి లోపాలను ఒక నిర్ణీత ఫారంలో నింపి సంతకం చేసి ఇవ్వాలి. అది ఒప్పందంలో భాగమవుతుంది. వైరింగు గురించి, ప్లంబింగ్ గురించి మీకు తెలిసినదాన్ని అక్కడ దాచవద్దు. తర్వాత సర్టిఫికెట్ కోసం వచ్చినవారు ఆ లోపాన్ని రాతపూర్వకంగా బయటపెడితే, మీ ఫారమే మీకు వ్యతిరేకంగా నిలబడుతుంది.

ఒప్పందంలో చదవాల్సిన రెండో క్లాజు, సర్టిఫికెట్లను ఎప్పటిలోగా ఇవ్వాలో చెప్పేది. కొనేవారు రిజిస్ట్రేషన్‌కు ముందే ఇంట్లోకి మారుతామంటే, వారు చేరే రోజుకే సర్టిఫికెట్లు ఉండాలని చాలా ఒప్పందాల్లో రాస్తారు. అది సబబు కూడా. ప్రమాదం రిజిస్ట్రేషన్ తేదీ వరకు ఆగదు కదా.

మూడో పని: వరుస నిర్ణయించుకోండి

నేను చెప్పే వరుస ఇది: ఒప్పందంలో అడిగితే ముందు పురుగు పరీక్ష, తర్వాత ప్లంబింగ్, ఆ తర్వాత గ్యాస్, అవన్నీ అయ్యాక కరెంటు, చివరగా కంచె. చట్టంలో ఈ వరుస ఎక్కడా రాసి ఉండదు, కానీ పని స్వభావమే దీన్ని నిర్ణయిస్తుంది. పురుగు పట్టిన వాసం మార్చాలంటే దాని మీద పోయే వైర్లను కదపాలి. ప్లంబర్ గీజర్ మారిస్తే కరెంటు కనెక్షన్ విప్పి మళ్లీ బిగించాలి. గ్యాస్ పొయ్యి పెట్టడానికి పాత ఎలక్ట్రిక్ పొయ్యి తీసేస్తే దాని వైరు కొసను సరిగ్గా ముగించాలి. ప్రతి పనీ చివరికి కరెంటు దగ్గరికే వచ్చి ఆగుతుంది కాబట్టి, దాన్ని ముందుగా చేయించుకుంటే రెండోసారి డబ్బు పెట్టాల్సి వస్తుంది. కంచెకు శక్తినిచ్చే ఎనర్జైజర్ కూడా ఇంటి కరెంటు మీదే నడుస్తుంది కనుక అది చివర్లో ఉంటే మంచిది.

పురుగు పరీక్ష

ఇది చట్టం కోరేది కాదు. ఒప్పందంలో ఉంటేనే కట్టుబడాలి, లేకపోతే లేదు. అయితే 1860 నుంచి మద్రాసు ఓడల్లో వచ్చిన తెలుగు కుటుంబాల వారసులు తరతరాలుగా ఉంటున్న డర్బన్ పరిసరాల్లో, కేప్ టౌన్‌లో ఈ క్లాజు ఎన్నో అచ్చు ఒప్పందాల్లో ముందే ఉంటుంది. ఇక్కడ చూసేది మనకు అలవాటైన చెదల కోసం కాదు, కలప లోపలే ఏళ్ల తరబడి పురుగు దశలో బతికి, పెద్దదయ్యాక రంధ్రం చేసుకుని బయటికి వచ్చే పెంకు పురుగుల కోసం. పరీక్షించేవారు అటక మీది దూలాలు, వాసాలు, చెక్క నేల, మెట్లు చూస్తారు. మీరూ ఒకసారి టార్చితో చూడవచ్చు. వాసం పక్కన కోలగా ఉన్న రంధ్రాలు, వాటి కింద సన్నని పొడి కనిపిస్తే ఆ విషయం ముందే చెప్పండి. సర్టిఫికెట్ కొన్ని నెలలకే పనికొస్తుంది కాబట్టి కొనేవారు ఖాయమయ్యాక చేయించుకోవడమే మేలు.

కేప్ టౌన్‌లో నీటి సర్టిఫికెట్

కేప్ టౌన్ నగర 2010 నీటి ఉపచట్టం ప్రకారం, ఇల్లు బదిలీ కాకముందే అర్హత ఉన్న ప్లంబర్ నుంచి సర్టిఫికెట్ తీసుకుని నగరపాలక సంస్థకు అందజేయాలి. ఇది 2011 ఫిబ్రవరి నుంచి అమల్లో ఉంది. ప్రతి అమ్మకానికీ కొత్తది కావాలి, పాతది చెల్లదు. ప్లంబర్ చూసేవి ఇవి: గీజర్‌ను ప్రమాణాల ప్రకారం బిగించారా, కుళాయిలు, సిస్టర్న్‌లు (టాయిలెట్ ఫ్లష్ ట్యాంకులు) కారుతున్నాయా, నీటి మీటరు సరిగ్గా తిరుగుతోందా, వాన నీరు మురుగు పైపులోకి పోతోందా, తాగునీటి పైపులకూ బోరు నీటికో వాడిన నీటికో ఎక్కడైనా కలయిక ఉందా. 2017, 2018 సంవత్సరాల్లో కరువు ముంచుకొచ్చినప్పుడు ఈ నగరంలో ఎన్నో ఇళ్లలో బోర్లు, ట్యాంకులు, వాడిన నీటిని మళ్లీ తోటకు మళ్లించే ఏర్పాట్లు హడావిడిగా పెట్టుకున్నారు. అందుకే ఈ చివరి అంశంలో చిక్కులు వస్తాయి.

ప్లంబర్ రాకముందు మీరే ఒక పరీక్ష చేయండి. రాత్రి అందరూ పడుకునే ముందు ఇంట్లోని కుళాయిలన్నీ కట్టేసి, వాషింగ్ మెషిన్ ఆపి, బయట మీటరు మూత తీసి అంకెను రాసుకోండి. ఉదయం ఎవరూ నీళ్లు వాడకముందే మళ్లీ చూడండి. అంకె మారితే ఎక్కడో కారుతోంది. చాలాసార్లు టాయిలెట్ సిస్టర్న్ లోపలి రబ్బరు అరిగిపోయి, చప్పుడు లేకుండా నీరు జారిపోతూ ఉంటుంది.

జొహానెస్‌బర్గ్, డర్బన్‌లలో ఈ సర్టిఫికెట్ బదిలీకి షరతు కాదు. అయినా గీజర్ పాతదైతే అక్కడా ప్లంబర్‌తో చూపించండి.

గ్యాస్

2009లో వచ్చిన ప్రెషర్ ఎక్విప్‌మెంట్ నిబంధనలు గ్యాస్ ఏర్పాటును కొత్తగా పెట్టినప్పుడు, మార్చినప్పుడు, ఇంటి యజమాని మారినప్పుడు సర్టిఫికెట్ కావాలని చెబుతున్నాయి. మూడో సందర్భమే మనది. కిందటి ఏడాదే పొయ్యి పెట్టించి అప్పుడు సర్టిఫికెట్ తీసుకున్నామన్నా, యజమాని మారుతున్నాడు కనుక కొత్తది తీసుకోవాల్సిందే. ఇచ్చేవారు గ్యాస్ పనివారిని నమోదు చేసే సంస్థ అయిన ఎస్ఏక్యూసీసీ గ్యాస్ దగ్గర నమోదైన వ్యక్తి అయి ఉండాలి. అతని కార్డు చూపించమని అడగండి. మీ ఇంట్లో ఉన్న రకం గ్యాస్ పనికి అతనికి అనుమతి ఉందా, గడువు దాటలేదు కదా అని చూడండి. అడగడానికి మొహమాటపడవద్దు, సక్రమంగా పనిచేసేవారు అడగకముందే తీసి చూపిస్తారు.

ఇక్కడ ఎక్కువగా తప్పు పడేది సిలిండరు ఉన్న చోటు. ఎల్‌పీజీ గాలికంటే బరువైనది. లీకైతే పైకి పోదు, నేల మీదే పారి పల్లంలోకి, డ్రైనేజీ గుంటలోకి చేరి అక్కడ నిలుస్తుంది. అందుకే సిలిండర్లకు తలుపులు, కిటికీల నుంచి పక్కకు కనీసం 1 మీటరు, డ్రైనేజీ రంధ్రాల నుంచి 2 మీటర్లు ఎడం కోరుతారు, స్విచ్చులు, ప్లగ్ పాయింట్లు దగ్గర్లో ఉండకూడదంటారు. సిలిండర్లు పెట్టినప్పుడు అంతా సరిగ్గానే ఉండి ఉండవచ్చు. ఆ తర్వాత పక్కనే కొత్త కిటికీ తీశారా? బాత్రూం నీళ్ల కోసం కొత్త గుంట తవ్వారా? అలాంటి మార్పు ఉంటే సిలిండర్లను జరపాల్సి వస్తుంది. రబ్బరు గొట్టాలు పగుళ్లిచ్చాయా, పైపు గోడలోంచి పోయే చోట తొడుగు ఉందా, పొయ్యి ఉన్న గదిలోనే చేతికందే చోట గ్యాస్ ఆపే వాల్వు ఉందా అన్నవీ చూస్తారు.

కొందరు పొయ్యిని తమతో తీసుకుపోతామంటారు. తీసుకుపోవచ్చు, ఒప్పందంలో ఆ సంగతి రాసి ఉంటే. కానీ పైపు కొసను మీరే ఏదో బిరడాతో మూసేసి వెళ్లిపోకండి. దాన్ని కూడా నమోదైన వ్యక్తే మూసి, పరీక్షించి, రాసివ్వాలి.

కరెంటు సర్టిఫికెట్

అన్నిటికంటే ఎక్కువ శ్రద్ధ దీనికే అవసరం. 2009 మార్చిలో ప్రకటించిన ఎలక్ట్రికల్ ఇన్‌స్టలేషన్ నిబంధనల్లో 7వ నిబంధన ఇంటిని వాడుకునే యజమాని దగ్గర చెల్లుబాటయ్యే సర్టిఫికెట్ ఉండాలని, అది రెండేళ్లకంటే పాతదైతే యాజమాన్యం మారనివ్వకూడదని చెబుతోంది. ఈ రెండేళ్లను ఒప్పందం తేదీకి లెక్కపెట్టి పొరపడతారు. యాజమాన్యం మారేది డీడ్స్ ఆఫీసులో, అంటే ఆస్తుల రిజిస్ట్రేషన్ కార్యాలయంలో, రిజిస్ట్రేషన్ జరిగిన రోజున. మీ సర్టిఫికెట్ 2023 జూన్ 10 నాటిది అనుకోండి, 2025 ఏప్రిల్‌లో ఒప్పందం రాసుకున్నారు అనుకోండి. ఆ రోజుకు అది చెల్లుతుంది. కానీ బ్యాంకు, మున్సిపాలిటీ, పన్ను పనులు పూర్తయి రిజిస్ట్రేషన్ జులైలో జరిగితే చెల్లదు.

రెండేళ్లలోపు తేదీ ఉన్నంత మాత్రాన కూడా సరిపోదు. సర్టిఫికెట్ తర్వాత ఏదైనా మార్పు చేసి ఉంటే, కనీసం ఆ మార్పుకు వేరే సర్టిఫికెట్ ఉండాలి. గరాజులో వేసిన కొత్త ప్లగ్ పాయింటు, తోటలో పెట్టిన దీపాలు, ఈత కొలను పంపుకు లాగిన వైరు, మా ఇంట్లోలాగా మారిన గీజర్, ఇవన్నీ మార్పులే.

ఎవరిని పిలవాలన్నది తర్వాతి ప్రశ్న. సర్టిఫికెట్ రాసే వ్యక్తి ఉపాధి, కార్మిక శాఖ దగ్గర నమోదై ఉండాలి. అందులో మూడు తరగతులున్నాయి. సింగిల్ ఫేజ్ టెస్టర్ సింగిల్ ఫేజ్ ఇళ్లకు మాత్రమే ఇవ్వగలడు. ఇన్‌స్టలేషన్ ఎలక్ట్రీషియన్ త్రీ ఫేజ్‌కు కూడా ఇస్తాడు. మాస్టర్ ఇన్‌స్టలేషన్ ఎలక్ట్రీషియన్‌కు ప్రత్యేక ప్రమాదం ఉన్న చోట్లకూ అధికారం ఉంది. పెద్ద ఇళ్లలో త్రీ ఫేజ్ కనెక్షన్ ఉండటం మామూలే కనుక, మీ డీబీ బోర్డు (బ్రేకర్లన్నీ ఉండే కరెంటు పెట్టె) లోని మెయిన్ స్విచ్చు చూసి ముందే తెలుసుకోండి. త్రీ ఫేజ్ ఇంటికి సింగిల్ ఫేజ్ టెస్టర్ ఇచ్చిన కాగితం ఎంత అందంగా ఉన్నా చెల్లదు.

ఆయన వచ్చిన రోజున ఏం జరగాలో తెలుసుకుని ఉండండి, ఎందుకంటే ఇల్లు చూడకుండానే సర్టిఫికెట్ రాసిచ్చేవారు కూడా ఉన్నారు. గేటు దగ్గరే సంతకం పెట్టి డబ్బు తీసుకుని వెళ్లిపోతానంటే ఆ మనిషిని లోపలికి కూడా రానివ్వకండి. నిజంగా పరీక్షించేవారు డీబీ బోర్డు కవరు విప్పుతారు. ఏ బ్రేకరు దేనిదో లేబుళ్లు ఉన్నాయా, బ్రేకరు సైజుకు వైరు మందం సరిపోతోందా అని చూస్తారు. కరెంటు లీకైతే సరఫరాను ఆపేసే ఎర్త్ లీకేజ్ స్విచ్చు మీది చిన్న టెస్ట్ బటన్ నొక్కి ఊరుకోకుండా, పరికరం పెట్టి అది 30 మిల్లీయాంపుల లోపు పడిపోతోందో లేదో కొలుస్తారు. ప్లగ్ పాయింట్లలో ఎర్త్ వస్తోందో లేదో చూస్తారు. సీలింగు పైకి ఎక్కుతారు. పెట్టె లేకుండా రెండు వైర్లను మెలిపెట్టి ఇన్సులేషన్ టేపు చుట్టిన అతుకులు అక్కడే దొరుకుతాయి. గీజర్ దగ్గర ఐసొలేటరు (దానికి కరెంటు పూర్తిగా ఆపే స్విచ్చు), పైపులకు ఎర్త్ తీగ ఉన్నాయో లేవో చూస్తారు. ఇంతా చేయడానికి గంటలు పడుతుంది.

కాబట్టి ముందురోజే సీలింగు తలుపు కింద సామాను తీసేయండి, మంచాల వెనక, అలమరల వెనక ఉన్న ప్లగ్ పాయింట్లు అందేలా చేయండి. మీరు అప్పటికే దేశం వదిలి వెళ్లిపోయి ఉంటే, తాళం తీసి ఇవ్వడమే కాక దగ్గరుండి చూసే మనిషిని ఏర్పాటు చేసుకోండి. ఇంట్లో అద్దెకు ఉన్నవారికి ఈ భారం వదిలేయడం వారికీ మీకూ మంచిది కాదు.

లోపాలు బయటపడితే వాటిని మాటల్లో చెప్పించుకోకండి. వైరింగుకు సంబంధించిన దక్షిణాఫ్రికా జాతీయ ప్రమాణమైన శాన్స్ 10142-1లోని ఏ క్లాజు ప్రకారం అది లోపమో రాసి, ఒక్కోదానికి ఎంతవుతుందో విడివిడిగా వేసి ఇమ్మనండి. పరీక్షించేవారే బాగుచేసేవారు కావడంతో అవసరం లేని పనులు కూడా జాబితాలో చేరే అవకాశం ఉంది. క్లాజు నంబరు ఉంటే మరో ఎలక్ట్రీషియన్‌కు చూపించి అడగవచ్చు. అలాగని ప్రతి లోపాన్నీ బేరమాడే వస్తువుగా చూడకండి. ఎర్త్ లేని ప్లగ్ పాయింటును ఆ రోజే బాగు చేయించండి.

చేతికి వచ్చిన కాగితాలను చదవండి. సర్టిఫికెట్ ఫారంతో పాటు పరీక్ష నివేదిక తప్పక ఉండాలి. అది లేకుండా సర్టిఫికెట్ ఒక్కటే ఇస్తే తీసుకోవద్దు. చిరునామా, స్టాండ్ నంబరు (ప్లాటు నంబరు) మీ ఇంటివేనా, నమోదు నంబరు, తరగతి, తేదీ, సంతకం ఉన్నాయా, కొలతల గడుల్లో నిజమైన అంకెలు ఉన్నాయా లేక అన్నిటికీ టిక్కులేనా అని చూడండి. ఇంట్లో పన్నెండు ప్లగ్ పాయింట్లుంటే నివేదికలో అయిదు రాసి ఉండటం నేను చూశాను.

ఈ సర్టిఫికెట్ చెప్పనిది ఏమిటో కూడా కొనేవారికి స్పష్టం చేయండి. ఇది స్థిరంగా ఉన్న వైరింగు సురక్షితమని చెబుతుంది. పొయ్యి వేడెక్కుతుందా, కొలను పంపు తిరుగుతుందా అన్నది దీని పరిధి కాదు. చాలా గొడవలు ఈ తేడా తెలియకే వస్తాయి.

సోలార్ ఉంటే

కరెంటు కోతలు తీవ్రంగా ఉన్న సంవత్సరాల్లో, ముఖ్యంగా 2022, 2023లలో, ఎన్నో ఇళ్ల మీదికి ప్యానెళ్లు ఎక్కాయి. బిగించినవారు డబ్బు తీసుకుని, సర్టిఫికెట్ తర్వాత పంపుతామని చెప్పి వెళ్లిపోయిన సందర్భాలూ ఉన్నాయి. ఇన్వర్టరు ఇంటి వైరింగులో మార్పే కాబట్టి దానికి సర్టిఫికెట్ ఉండి తీరాలి. దానితో పాటు, గ్రిడ్‌కు కలిసి నడిచే వ్యవస్థ అయితే మీకు కరెంటు ఇచ్చే మున్సిపాలిటీ దగ్గరో ప్రభుత్వ విద్యుత్ సంస్థ ఎస్కామ్ దగ్గరో నమోదు కావాలి. కరెంటు పోయినప్పుడు మీ ఇన్వర్టరు వీధి తీగల్లోకి విద్యుత్తును వెనక్కి పంపితే, ఆ తీగ మీద పనిచేస్తున్న లైన్‌మన్ ప్రాణానికే ముప్పు. నమోదు అడగడానికి ప్రధాన కారణాల్లో ఇదొకటి. ఈ అనుమతికి సమయం పడుతుంది కనుక, ఇల్లు అమ్మాలని అనుకున్న నెలలోనే దీన్ని మొదలుపెట్టండి. ప్యానెళ్లు రుణం మీదో అద్దె ఒప్పందం మీదో తీసుకున్నవైతే, అవి మీ సొంతం కావన్న సంగతి కొనేవారికి రాతపూర్వకంగా చెప్పండి.

కరెంటు కంచె

2011 నాటి ఎలక్ట్రికల్ మెషినరీ నిబంధనలు ఈ సర్టిఫికెట్‌ను తెచ్చాయి. 2012 అక్టోబరు 1కి ముందు నుంచీ ఉన్న కంచెకు అప్పట్లో మినహాయింపు ఉండేది, కానీ దానికి మార్పులు చేసినా, ఆ తేదీ తర్వాత ఇల్లు చేతులు మారినా ఆ మినహాయింపు పోతుంది. అంటే ఇప్పుడు అమ్మే ఏ ఇంటి కంచెకైనా సర్టిఫికెట్ ఉండాల్సిందే. కరెంటు సర్టిఫికెట్‌కు ఉన్న రెండేళ్ల పరిమితి నిబంధనలో దీనికి లేదు. కంచెలో మార్పు చేయకపోతే పాత సర్టిఫికెట్టే కొత్త యజమానికి బదిలీ అవుతుంది. అయినా కొందరు కన్వేయన్సర్లు కొత్తది కోరతారు, కాబట్టి ముందే అడిగి తెలుసుకోండి. దీన్ని మామూలు ఎలక్ట్రీషియన్ ఇవ్వలేడు, కంచెలు బిగించేవారిగా విడిగా నమోదైనవారే ఇవ్వాలి.

పరీక్ష ముందు మీరు చేయగలిగిన పని, తీగలను తాకుతున్న బోగన్‌విల్లా కొమ్మలు నరికించడం, హెచ్చరిక పలకలు ఊడిపోయిన చోట మళ్లీ పెట్టించడం. తీగలు పక్కింటివారి స్థలం మీదికి వాలి ఉంటే వారితో మాట్లాడి, అంగీకారం రాయించుకోండి. చేయలేకపోతే కంచెను లోపలికి తిప్పించాలి.

అపార్ట్‌మెంటు, కాంప్లెక్సుల్లో

సెక్షనల్ టైటిల్ ఇంట్లో, అంటే భవనంలో ఒక భాగం మాత్రమే మీ సొంతమై మిగతాది ఉమ్మడిగా ఉండే ఇంట్లో, మీ భాగం లోపలి వైరింగుకు, మీ గ్యాస్ పొయ్యికి సర్టిఫికెట్లు మీరే తేవాలి. చుట్టూ ఉన్న ఉమ్మడి ప్రహరీ కంచె సర్టిఫికెట్ బాడీ కార్పొరేట్ (యజమానులందరి సంఘం) దగ్గర ఉంటుంది. దాని నకలు కోసం మేనేజింగ్ ఏజెంటుకు ఒప్పందం కుదిరిన వారంలోనే రాయండి, వారి జవాబు నెమ్మదిగా వస్తుంది.

అందజేయడం, ఆ తర్వాత

అన్నీ చేతికొచ్చాక స్కాన్ చేసి కన్వేయన్సర్‌కు, ఏజెంటుకు ఒకే మెయిల్‌లో పంపి, అందినట్టు జవాబు అడగండి. అసలు కాగితాలు భద్రపరచండి. ఇక రిజిస్ట్రేషన్ అయ్యే వరకు ఇంట్లో ఏ వైరునూ, పైపునూ కదపకండి. వెళ్తూ వెళ్తూ గోడ దీపాలు ఊడదీసుకుని వైరు కొసలు వేలాడదీసి వెళ్లడం కూడా కదపడమే. అనుకోకుండా ఏదైనా పాడై బాగు చేయించాల్సి వస్తే, ఆ పనికి అదనపు సర్టిఫికెట్ తీసుకుని, ముందు పంపిన మెయిల్‌కే జవాబుగా పంపండి.

కొనేవారు చేరాక లోపం కనిపించిందని ఫోను చేస్తే కోపం తెచ్చుకోకుండా, సర్టిఫికెట్ ఇచ్చిన వ్యక్తిని వెంటనే పిలిపించండి. పరీక్షించిన రోజున లోపం లేదని రాసిచ్చింది ఆయన కనుక మొదటి జవాబుదారీ ఆయనే. ఆయన కాదంటే, సర్టిఫికెట్ సరైనదో కాదో తేల్చడానికి ఉపాధి, కార్మిక శాఖ ఆమోదించిన తనిఖీ సంస్థలు ఉన్నాయి. వారి నివేదిక తెప్పించుకోవచ్చు.

తాళాలు ఇచ్చే రోజున ఒక ఫైలు కూడా ఇవ్వండి: అసలు సర్టిఫికెట్లు, పరీక్ష నివేదికలు, సోలార్ నమోదు పత్రం, గీజర్ వారంటీ, పనిచేసిన ప్రతి ఒక్కరి ఫోను నంబరు. తర్వాత కొత్త యజమానిని వెంటబెట్టుకుని వెళ్లి, మెయిన్ స్విచ్చు ఎక్కడుందో, నీళ్లు ఆపే వాల్వు ఎక్కడుందో, గ్యాస్ ఎక్కడ కట్టేయాలో చేత్తో తిప్పి చూపించండి.